నల్ల తెర మీద మన పేరు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం కార్యదర్శి అడిగినప్పుడు, "నాకు తెలిసింది కంప్యూటర్ల గొడవ, అది ఎవరు చదువుతారప్పా?" అన్నాను. "మన బడి కంప్యూటర్ గది సంగతి రాయి. దానికి చందా ఇచ్చినోళ్లంతా ఈ పుస్తకం చదివేవాళ్లే కదా" అన్నాడు. ఆ మాట కాదనలేక రాస్తున్నాను.

ఇది చాలా చిన్న మార్పు గురించిన కథ. కంప్యూటర్ ఆన్ చేయగానే, పేరూ సంకేతపదమూ అడుగుతూ రంగురంగుల తెర ఒకటి వస్తుంది. దాన్ని బొమ్మల లాగిన్ తెర అనుకుందాం. మన బడిలో దాన్ని తీసేశాం. ఆ పని చేసింది నేనే. అందులో రెండుసార్లు తప్పు చేశాను. ఆ తప్పులు అర్థం కావాలంటే ఆ తెర ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం పాత చరిత్ర చెప్పుకోవాలి.

ఎనిమిది పెట్టెలు

2008లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 5000 ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ చదువు మొదలుపెట్టింది. కట్టడం, సొంతంగా ఉంచుకోవడం, నడపడం, చివరికి అప్పగించడం అనే నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి ఆ ఒప్పందాల పద్ధతిని 'బూట్' అన్నారు. కంప్యూటర్ నిద్ర లేవడాన్ని కూడా బూట్ అనే అంటాం కాబట్టి మా వాళ్లు దాని మీద చాలా జోకులు వేసుకున్నారు. ఆ బడుల్లో ఒకే కంప్యూటర్‌కు పలు తెరలూ కీబోర్డులూ తగిలించే ఎన్‌కంప్యూటింగ్ పరికరాలు వాడారు.

ఆ విడతలో మన బడి లేదు. అందుకని మా బ్యాచ్ వాళ్లం కొందరం కలిసి, బెంగుళూరులో ఒక ఆఫీసు పక్కన పడేసిన ఎనిమిది కంప్యూటర్లు సంపాదించాం. చందాల డబ్బుతో బల్లలూ, వైరింగూ, యూపీఎస్‌లూ ఏర్పాటు చేశాం. పెట్టెల్ని వ్యానులో వేసుకుని చింతామణి, మదనపల్లె, రాయచోటి, కడప మీదుగా కమలాపురం తెచ్చాం. కడప బండలు పరిచిన పాత సైన్సు గదిని కడిగి అందులో పెట్టాం. ఒక్కోదాంట్లో మెమరీ 256 మెగాబైట్లు. లైసెన్సులకు డబ్బు లేదు కాబట్టి రెడ్ హ్యాట్ వంశానికి చెందిన లినక్స్ ఒకటి ఎక్కించాను.

పీరియడ్ 40 నిమిషాలు. మిషను ఆన్ చేస్తే లాగిన్ తెర రావడానికి మూడు నిమిషాలకు పైగా పట్టేది. పేరు కొట్టి లోపలికి పోవడానికి ఇంకో రెండు. మేం తెచ్చిన యూపీఎస్‌ల బ్యాటరీలు ఏడాది తిరక్కుండానే చచ్చిపోయాయి. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి. ఎండాకాలం మన వైపు కరెంటు సంగతి మీకు చెప్పేదేముంది! ఒక పిల్లాడు చేతులు కట్టుకుని తెర వైపు చూసి చూసి, "ఏంటికి సార్ ఇంతసేపు? మా ఇంట్లో టీవీ నొక్కితే వస్తాది కదా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

"ఎవరు నువ్వు?" అన్న ప్రశ్న

మొదట్లో కంప్యూటర్ ఎవరినీ పేరు అడిగేది కాదు. గదికంత యంత్రం, దాని ముందు ఒక్క మనిషి. ఆయన పని అయ్యాక మరొకరు. 1961లో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బటో బృందం సీటీఎస్‌ఎస్ అనే వ్యవస్థను చూపించింది. ఒకే యంత్రాన్ని అనేకమంది ఒకేసారి, తలా ఒక మీట ముందు కూర్చుని వాడుకోవచ్చు. అప్పుడు ఎవరి ఫైళ్లు ఎవరివో తెలియాల్సి వచ్చింది. సంకేతపదం అలా పుట్టింది. తర్వాత 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యునిక్స్ కూడా ఇదే దారి పట్టింది. అందులో తెర మీద 'లాగిన్' అన్న ఒక్క మాట వచ్చేది. దాని పక్కన పేరు కొట్టాలి. బొమ్మలు లేవు, రంగులు లేవు.

1984 ఈ కథలో ముఖ్యమైన ఏడాది. ఆ జనవరిలో ఆపిల్ మెకింటాష్ వచ్చి, బొమ్మల మీద మౌసుతో నొక్కే పద్ధతిని మామూలు జనానికి పరిచయం చేసింది. అదే ఏడాది ఎంఐటీలో బాబ్ షైఫ్లర్, జిమ్ గెటిస్ యునిక్స్ యంత్రాల మీద కిటికీలు గీసే 'ఎక్స్' వ్యవస్థను మొదలుపెట్టారు. మన దేశంలో 'క్లాస్' అనే పథకం కింద బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు రావడం కూడా 1984-85లోనే. ఆ యంత్రంలో మెమరీ 32 కిలోబైట్లు. స్విచ్ వేసిన వెంటనే 'చెప్పండి, ఏం చేయాలి' అన్నట్టు బేసిక్ భాష సిద్ధంగా ఉండేది. ఒక్క మనిషి వాడే యంత్రం కాబట్టి లాగిన్ లేదు. అప్పుడు నేను మన బడిలో ఏడో తరగతి. ఆ మూడింటిలో ఒక్కటి కూడా మన బడి గేటు దాకా రాలేదు.

బొమ్మల లాగిన్ తెర 1988లో వచ్చింది. ఎక్స్ వ్యవస్థ కోసం కీత్ ప్యాకార్డ్ రాసిన 'ఎక్స్‌డీఎం' అనే ప్రోగ్రాం అది. అప్పట్లో తెర, కీబోర్డు, మౌసు మాత్రమే ఉండి, అసలు పనిని దూరంగా ఉన్న పెద్ద యంత్రం చేసిపెట్టే టెర్మినళ్లు ఉండేవి. వాటి ముందు కూర్చున్నవాళ్లను లోపలికి పిలవడానికి ఒక వాకిలి కావాలి. అదే ఈ తెర. 1991లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టాక, 1996లో కేడీఈ, 1997లో గ్నోమ్ మొదలయ్యాక ఒక్కోదానికి సొంత వాకిలి వచ్చింది. దూరపు యంత్రం కోసం పుట్టిన వాకిలి, ఒంటరిగా ఉండే ఇంటి కంప్యూటర్‌కు కూడా అమరిపోయింది.

5 తీసి 3 పెట్టాను

ఆ వాకిలిని వద్దనుకున్నవాళ్లు మొదటి నుంచీ ఉన్నారు. విండోస్ 95లో కూడా ఆ సదుపాయం ఉండేది. 'ఎంఎస్‌డాస్.సిస్' అనే ఫైలులో 'బూట్‌జీయూఐ' అన్న చోట 1 తీసి 0 రాస్తే కిటికీలు రాకుండా నల్ల తెర దగ్గరే ఆగేది. మా రెడ్ హ్యాట్ వంశపు లినక్స్‌లో 'ఇనిట్‌ట్యాబ్' అనే ఫైలు ఉండేది. మిషను లేచాక ఏ మెట్టు దాకా వెళ్లాలో అందులో ఒక అంకె చెబుతుంది. 1 అంటే మరమ్మతుల కోసం ఒక్కరే ఉండే స్థితి. 3 అంటే అందరూ వాడుకోవచ్చు, కానీ అక్షరాల తెర మాత్రమే. 5 అంటే బొమ్మల లాగిన్. 0 అంటే ఆగిపోవడం. 6 అంటే ఆగి మళ్లీ లేవడం. పొరపాటున అక్కడ 6 రాస్తే ఆ మిషను లేవడం, పడటం, లేవడం తప్ప ఇంకో పని చేయదు.

ఒక శనివారం సాయంత్రం ఎనిమిది మిషన్లలోనూ 5 తీసి 3 పెట్టాను. ఒక్క అంకె. సోమవారం పొద్దున నిమిషం పైన కొన్ని సెకన్లకే అన్నీ లేచి కూర్చున్నాయి. నల్ల తెర, తెల్ల అక్షరాలు. 1947 ఆగస్టు క్యాలెండర్ అడిగితే పదిహేనో తేదీ శుక్రవారమని చూపించింది. పిల్లలు తమ పుట్టినరోజులు ఏ వారమో వెతుక్కున్నారు. లెక్కల సార్ వచ్చి రెండును వందసార్లు హెచ్చించమన్నాడు. కన్ను మూసి తెరిచేలోగా 31 అంకెల సంఖ్య వచ్చింది. సార్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నాకు గర్వంగానే ఉండింది.

అప్పుడు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి లేచి, "సార్, నా పేరు తెలుగులో వస్తాదా?" అంది.

రాదు. అంతకుముందు బొమ్మల తెరలో ఆ అమ్మాయి తెలుగులో పేరు కొట్టి దాచుకున్న ఫైలు ఒకటుంది. దాన్ని ఈ నల్ల తెర మీద తెరిచాను. వరసగా డబ్బాలు వచ్చాయి. పిల్లలు నవ్వారు. గది బయట నిలబడి చూస్తున్న మన తెలుగు అయ్యవారు లోపలికి వచ్చి, "ఏమప్పా, ఇంత దూరం నుంచి మోసుకొచ్చినావు. పిల్ల పేరు రాయలేని పలకనా ఇది?" అన్నారు. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

డబ్బాలు ఎందుకు వచ్చాయి?

ఆ అమ్మాయి పేరు ఎక్కడికీ పోలేదు. ఫైలులో భద్రంగానే ఉంది. చూపించే చేత తెరకు లేదు, అంతే.

పాత నల్ల తెర అంటే 80 నిలువు వరుసలు, 25 అడ్డ వరుసలు. ప్రతి గడిలో ఒకే అక్షరం, అన్ని గడులూ ఒకే వెడల్పు. మొత్తం మీద 256 రూపాలు, మహా అయితే 512 పెట్టుకోవచ్చు. ఇంగ్లీషుకు అంతే చాలు, ఇంకా మిగులుతుంది. తెలుగు అట్లా గడుల్లో ఒదిగే లిపి కాదు. 'స్త్రీ' అనే మాట చూడండి. లోపల అది ఆరు సంకేతాల వరస: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. పైకి మాత్రం ఒకే ముద్దగా కనిపించాలి. గుడి పైకెక్కాలి, వత్తులు కిందికీ పక్కకూ దిగాలి. ఆ అమ్మాయి పేరులో కూడా ఒక వత్తు ఉంది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో లెక్కవేసి గీసే ప్రోగ్రాం ఉంటే తప్ప ఆ ముద్ద తయారుకాదు. ఆ గీసే పని బొమ్మల వైపు జరుగుతుంది. వేగం కోసం నేను మూసేసింది సరిగ్గా ఆ వైపునే.

ఈ ఇబ్బంది కంప్యూటర్లతో మొదలైంది కాదు. 1820లో మన కడపకు ఉద్యోగం మీద వచ్చిన సీపీ బ్రౌన్ ఇక్కడే పండితుల్ని కూర్చోబెట్టి తాళపత్రాలు సరిచూయించాడు, వేమన పద్యాలు పోగుచేశాడు, 1852లో తెలుగు నిఘంటువు అచ్చు వేయించాడు. సీసపు అచ్చుల రోజుల్లో తెలుగు కూర్చాలంటే వత్తులకూ గుణింతాలకూ వందల ముక్కలు కావలసి వచ్చేవి. కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ ఇంగ్లీషు ముందు కూర్చుంటుంది, మన లిపి గుమ్మంలో నిలబడుతుంది. ఎవరో ఒకరు పూనుకుని చేయి పట్టుకుని లోపలికి తీసుకురావాలి.

కంప్యూటర్లలో ఆ పని చేసినవాళ్లు ఉన్నారు. 1980లలో ఐఐటీ కాన్పూర్‌లో మోహన్ తాంబే బృందం మొదలుపెట్టి, తర్వాత సీడాక్ తయారుచేసిన 'జిస్ట్' కార్డును మిషనులో గుచ్చితే, నల్ల తెర మీద నడిచే డాస్ ప్రోగ్రాముల్లో కూడా తెలుగు కనిపించేది. కార్డు తనే అక్షరాలు గీసి తెరకు అందించేది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది, 128 గడులు. ఇంగ్లీషు ఆస్కీ సంకేతాలూ మొత్తం 128. చోటు సమానంగానే ఇచ్చారు, గీయడం దగ్గర కష్టం మిగిలింది. అక్కడ తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారి ఫాంట్ల లాంటివి ఆదుకున్నాయి. వాటికి ఆయన పెట్టిన పేర్లు పోతన, వేమన. ఒంటిమిట్ట పక్కన పెరిగినవాళ్లకు, వేమన పేరుతో విశ్వవిద్యాలయం ఉన్న జిల్లా వాళ్లకు, ఆ రెండు పేర్లూ పరాయివి కావు. హైదరాబాదులో స్వేచ్ఛ కార్యకర్తలు లినక్స్ మెనూలనే తెలుగులోకి తెచ్చారు. ఇంతమంది కష్టపడి లోపలికి తెచ్చినదాన్ని నేను ఒక్క అంకెతో బయట పెట్టాను.

రెండో తప్పు

అప్పుడు తోచింది. నేను రెండు వేరు వేరు సంగతుల్ని ఒకటే అనుకున్నాను. బొమ్మల లాగిన్ తెర వేరు, బొమ్మల వ్యవస్థ వేరు. వాకిలి బరువని ఇల్లు కూల్చనక్కర్లేదు. అంకెను 3 దగ్గరే ఉంచి, మిషను లేవగానే ఒకే ఖాతాతో దానంతటదే లోపలికి వెళ్లేలా, వెంటనే 'స్టార్ట్‌ఎక్స్' అన్న ఆజ్ఞ నడిచేలా రాశాను. గ్నోమ్ బరువు తీసేసి 'ఐస్‌డబ్ల్యూఎం' అనే తేలికపాటి కిటికీల ప్రోగ్రాం, ఒక చిన్న రాత పలక, పోతన ఫాంటు పెట్టాను. నిమిషంన్నరలో తెలుగు రాసుకునే తెర సిద్ధం. పేరు అడగదు, సంకేతపదం అడగదు. ఆ అమ్మాయి తన పేరు కొట్టి, వత్తు సరిగ్గా కింద కూర్చుందా లేదా అని తెరకు ముక్కు ఆనించి చూసింది.

ఉగాదికి గోడపత్రిక వేయాలని తెలుగు అయ్యవారు సంకల్పించారు. ఆ అమ్మాయి నెల రోజులు ఒక్కో వేలితో వెతుక్కుంటూ, పాపాఘ్ని ఇసుకలో చెలమ తవ్వి నీళ్లు తెచ్చిన వాళ్ల అవ్వ గురించి రెండు పేజీలు రాసింది. ఒకరోజు మధ్యాహ్నం ఫైలు తెరిస్తే అందులో ఎవరిదో సినిమా పాట ఉంది. అన్ని తరగతులకూ ఒకే ఖాతా. ఫైలు పేరు ఇద్దరూ 'ఒకటి' అనే పెట్టుకున్నారు. రెండోవాడు దాని మీదే దాచాడు. వాడి తప్పేమీ లేదు.

ఆ అమ్మాయి ఏడవలేదు. నేను బెంగుళూరు నుంచి వచ్చినప్పుడు ఒకటే అడిగింది. "అది నాదని దానికెట్లా తెలుస్తాది సార్?"

1961లో ఎంఐటీలో సంకేతపదం పెట్టింది ఈ ప్రశ్న కోసమే. ఇన్నేళ్లు ఈ వృత్తిలో ఉండి ఆ సంగతి నాకు ఎనిమిదో తరగతి పిల్ల దగ్గర అర్థమైంది. లాగిన్ అంటే అడ్డు అనుకున్నాను. ఈ పని ఎవరిదో గుర్తుపెట్టుకునే హాజరు పట్టీ కూడా అదే.

చివరికి కుదిరిన పద్ధతి

మూడోసారి పద్ధతి కుదిరింది. బొమ్మల లాగిన్ తెర లేదు. కానీ లాగిన్ ఉంది. పాత యునిక్స్‌లో లాగా నల్ల తెర మీద ఒక్క మాట వస్తుంది. పక్కన ఎవరి పేరు వాళ్లు కొట్టాలి. సంకేతపదం కొట్టగానే నేరుగా తెలుగు రాసుకునే తెర. ఎవరి ఫైళ్లు వాళ్లకు. సమయం పెద్దగా పెరగలేదు. పెద్ద తరగతుల పిల్లలందరికీ ఖాతాలు తెరవడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. ఆ అమ్మాయి రెండు పేజీలూ మళ్లీ రాసింది. మొదటిసారి ఇంకా బాగా వచ్చిందని తనే చెప్పింది. ఉగాది దాటిన పది రోజులకు గోడపత్రిక వచ్చింది.

తర్వాత కాలం మారింది. 2010లో లెన్నార్ట్ పోటరింగ్, కే సీవర్స్ మొదలుపెట్టిన 'సిస్టమ్‌డి' వచ్చి పాత ఇనిట్‌ట్యాబ్‌ను పక్కన పెట్టింది. 3కు బదులు 'మల్టీ యూజర్ టార్గెట్', 5కు బదులు 'గ్రాఫికల్ టార్గెట్' అన్నారు. 2012లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో చాలాకాలం ఒక పట్టిక ఉండేది: నల్ల తెర కావాలా, బొమ్మల తెర కావాలా, రెంటిలోనూ పేరు అడగాలా, అడక్కుండా వదలాలా. మొత్తం నాలుగు దారులు. ఆ పట్టిక మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది. వాటిలో మూడింటిని మన సైన్సు గదిలో పిల్లల మీద ప్రయోగం చేశాక గానీ నాకు తేడా తెలియలేదు.

ఆ ఎనిమిది పెట్టెలూ ఇప్పుడు లేవు. వాటికన్నా ఎన్నో రెట్లు మెమరీ ఉన్న ఫోన్లు పిల్లల చేతుల్లో ఉన్నాయి. వాటిలో తెలుగు అడక్కుండానే వస్తుంది. అయినా ఒక్క విషయం అట్లాగే ఉంది. ఈనాటికీ ఆ నల్ల తెర ముందు మన పేరు తెలుగులో కొట్టడానికి దారి లేదు. లోపలికి పోయాక ఎంత తెలుగైనా రాసుకోవచ్చు. గుమ్మం దగ్గర మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో చెప్పుకోవాలి. మన బడి అడ్మిషన్ రిజిస్టరులో మనందరి పేర్లూ తెలుగులోనే రాసుకున్నారని గుర్తు చేసుకుంటే ఇది చిన్న సంగతి అనిపించదు. దీన్ని సరిచేసేవాళ్లు మన బడి నుంచే రావచ్చు.

పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. రేపు బడికి మళ్లీ యంత్రాలు ఇచ్చేటప్పుడు వేగం ఎంత, మెమరీ ఎంత అని చూడటం సరే. దానికి ముందు ఒక పిల్లనో పిల్లాణ్నో కూర్చోబెట్టి పేరు రాయించండి. వత్తు కింద కూర్చుందో లేదో చూడండి. మరుసటి రోజు వచ్చి తెరిస్తే ఆ పేరు అక్కడే ఉందో లేదో కూడా చూడండి.